మా స్టాఫ్‌రూమ్‌లో బీటిల్స్ తగవు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపల్ శ్రీరామచంద్ర గారికి, ఏలూరు నుంచి ప్యాసింజర్‌లో నిలబడి వచ్చానని పొద్దుటి నుంచి మూడుసార్లు చెప్పిన హనుమంతరావు గారికి, కైకలూరు నుంచి వచ్చి ఆయన పక్కనే కూర్చున్న కృపానందం గారికి, ఇన్నేళ్ళుగా నా లైబ్రరీలో పుస్తకాలు తీసుకున్నవాళ్ళకీ, వాటిని తిరిగి ఇచ్చినవాళ్ళకీ విడివిడిగా నమస్కారాలు. (నవ్వులు)

ఇందాక తెలుగు లెక్చరర్ మైత్రేయి గారు మాట్లాడుతూ "గౌతమి మేడమ్‌కి అన్నీ కావాలండీ" అన్నారు. అది పొగడ్తో ఫిర్యాదో తెలియలేదు గానీ, నిజమే. ఎవరు ఏ పుస్తకం ఎందుకు తీసుకెళ్తున్నారో తెలుసుకోకపోతే నాకు తోచదు. ఆ గుణం వల్ల ముప్పైమూడేళ్ళ ఉద్యోగంలో చాలామందిని విసిగించాను. ఒక్కసారి మాత్రం దానివల్ల మంచి జరిగింది. ఈ రోజు ఆ సంగతే చెప్పాలని ఉంది. ఇది కృపానందం గారి సొంత విషయం కాబట్టి నిన్న ఫోన్ చేసి అనుమతి అడిగాను. "చెప్పండి గానీ, మా బ్యాండు పేరు తప్పు పలకకండి" అన్నారు.

కొత్తగా చేరినవాళ్ళకి వీళ్ళిద్దరూ తెలియరు. హనుమంతరావు గారు లెక్కలు చెప్పేవారు. వాళ్ళ నాన్నగారు ఏలూరులో అర్చకులు. ఈయన మాత్రం విశాఖపట్నం హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఎవరో వినిపించిన బీటిల్స్ పాటలకు పడిపోయి, ఇప్పటికీ లేవలేదు. కృపానందం గారు ఫిజిక్స్. వాళ్ళ అన్నగారు ఓడలో ఉద్యోగం చేస్తూ తెచ్చిన క్యాసెట్లలో లెడ్ జెపెలిన్ దొరికింది ఆయనకి. మధ్యాహ్నం క్యారియర్లు మూతలు తీశారంటే చాలు, ఇంగ్లండులో ఏ బ్యాండు గొప్పదన్న చర్చ మొదలయ్యేది. రోలింగ్ స్టోన్స్, ది హూ, క్వీన్ అంటూ మధ్యలో ఎన్ని పేర్లు వచ్చినా చివరికి ఆ రెండింటి దగ్గరికే వచ్చి ఆగేది. మాకందరికీ అరటికాయ వేపుడు ఎంతో, అదీ అంతే. రోజూ ఉండాల్సిందే.

హనుమంతరావు గారు ఎప్పుడూ గొంతుల గురించే చెప్పేవారు. "ముగ్గురు కలిసి పాడుతుంటే ఒక్కళ్ళే పాడుతున్నట్టు ఉంటుందండీ, ఆ కలయిక ఇంకెవరికి వచ్చిందండీ?" అనేవారు. కృపానందం గారు ఆయన ఇచ్చిన క్యాసెట్టునే, శనివారాలు కైకలూరు వెళ్ళే బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేవారు. సోమవారం వచ్చి, "ఏ గొంతులండీ బాబూ? పాడేవాళ్ళు పక్కింట్లో ఉన్నట్టున్నారు. గిటారూ డ్రమ్సూ తప్ప నాకేం వినపడలేదు" అనేవారు. మేం నవ్వేవాళ్ళం. ఏడిపించడానికి అంటున్నారనుకునేవాళ్ళం.

ఒకరోజు నవ్వు ఆగిపోయింది. ఆ పూట చర్చ పెరిగి పెరిగి, హనుమంతరావు గారు బల్ల మీద చెయ్యి చరిచి, "అసలు మీకు చెవులున్నాయా అండీ?" అన్నారు. కృపానందం గారు తింటున్న అన్నం వదిలేసి, చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి లాబ్‌లోనే భోజనం.

ఎందుకంత కోపమో మాకు ఎవరికీ అర్థం కాలేదు. అంతకంటే పెద్ద మాటలు ఇద్దరూ అనుకుని అరగంటలో టీ పంచుకున్నవాళ్ళే కదా. పది రోజుల తర్వాత స్టాఫ్ అంతా కొల్లేరు వెళ్ళాం, ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూడటానికి. పడవలో హనుమంతరావు గారు తన చోటు వదిలి, ఊగిపోతూ వెళ్ళి కృపానందం గారి పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. పడవ నడిపే పెద్దింటయ్య, "అయ్యగారూ, కూసోండి, పడవ ఒరుగుద్ది" అని అరిచాడు. ఆ పక్షుల గోలలో ఆయన వంగి ఏదో చెప్పడం నేను వెనక నుంచి చూశాను. కృపానందం గారు తల తిప్పలేదు. పక్షుల వైపే చూస్తూ ఉండిపోయారు. హనుమంతరావు గారు కాసేపు ఆగి, లేచి, మళ్ళీ తన చోటికి వచ్చేశారు.

ఆ తర్వాత రెండేళ్ళు వాళ్ళు మాట్లాడుకోలేదు. రెండేళ్ళంటే చిన్న విషయంలా ఉంటుంది గానీ, రోజూ ఎదురుపడే మనుషులకి అది చాలా పొడుగు. ఇన్విజిలేషన్ ఒకే గదిలో పడితే ఒకరు మార్పించుకునేవారు. మా స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాను చప్పుడు వినపడటం అప్పుడే మొదలైంది. ఒకసారి హనుమంతరావు గారిని అడిగితే, "పడవలో క్షమాపణ అడిగానండీ. మనిషి పక్కన లేనట్టే కూర్చున్నారు. ఇంకేం చెయ్యమంటారు?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువుంది.

నాకు రాక్ సంగీతం అంటే ఏమీ తెలియదు. త్యాగరాజ ఉత్సవాలకి వెళ్ళి ముందు వరసలో కూర్చునే రకం. కానీ ఇద్దరు పెద్దమనుషుల్ని విడదీసిన ఆ పాటలు ఏమిటో వినాలనిపించింది. హనుమంతరావు గారి దగ్గర బీటిల్స్ సీడీ అడిగి తీసుకున్నాను. మా అబ్బాయి ప్లేయరూ ఇయర్‌ఫోన్సూ తీసుకుని ఆదివారం వంట చేస్తూ మొదలుపెట్టాను. పోపు చిటపటలాడుతోందా లేదా అన్నది వినాలి కదా, అందుకని కుడి చెవిది తీసి మెడ మీద వేలాడేశాను. పాట మొదలైంది. గిటారు, డ్రమ్ము. మనుషులేరీ? ఎక్కడో గోడ అవతల పాడుతున్నట్టున్నారు. అనుమానం వచ్చి కుడిది పెట్టి ఎడమది తీశాను. ఇప్పుడు గొంతులు నిండుగా ఉన్నాయి, వాయిద్యాలు లేవు!

పాడైపోయిందనుకుని స్టేషన్ రోడ్డులో రిపేరు షాపు యేసుదాసుకి ఇచ్చాను. అతను విని నవ్వాడు.

"ప్లేయరు లక్షణంగా ఉందండీ. వాళ్ళ మొదటి రోజుల రికార్డులు కొన్ని ఇలాగే ఉంటాయండీ. ఓ పక్క పాట, ఓ పక్క వాయిద్యం. రెండు చెవులా పెట్టుకుని వినాలండీ మేడమ్."

నేను షాపు మెట్టు దిగి, రోడ్డు మీద అలాగే ఆగిపోయాను. ధాన్యం లారీ వాడు హారన్ కొట్టి తిట్టి వెళ్ళాడు. పాడేవాళ్ళు పక్కింట్లో ఉన్నట్టున్నారని ఇన్నేళ్ళు చెప్పిన మనిషి గుర్తొచ్చాడు. స్టాఫ్‌రూమ్‌లో ఆయన ఎప్పుడూ కుడి పక్కన గోడ ఉండేలా చివరి కుర్చీలోనే కూర్చునేవారు. ఫ్యాను కోసమేమో అనుకునేవాళ్ళం. పడవలో హనుమంతరావు గారు వెళ్ళి కూర్చుంది ఆ కుడి పక్కనే.

మర్నాడు కృపానందం గారు లైబ్రరీలో పేపరు చదువుతుంటే, వెనకగా వెళ్ళి కుడి వైపు నిలబడి, మెల్లిగా "కాఫీ తాగుతారాండీ?" అన్నాను. పేజీ తిప్పారు. ఎడమ వైపుకి వచ్చి అదే మాట, అదే గొంతుతో అడిగాను. ఉలిక్కిపడి చూశారు. నా మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది. పేపరు మడిచారు.

"పదిహేడో ఏటండీ. ఆ చెవికి చీము పట్టింది, వైద్యం ఆలస్యమైంది. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు భయపడి చెప్పలేదు. అప్పుడు చెప్పనిది తర్వాత ఎలా చెప్తామండీ? పిల్లలకి తెలిస్తే ఆ పక్కనుంచి పేర్లు పెట్టి పిలుస్తారు. ఆయనకెవరో చెప్పేశారనుకున్నానండీ ఆ రోజు. నలుగురిలో చెవుల మాట ఎత్తేసరికి..."

"ఆయనకి తెలియదండీ. పడవలో మీతో ఏమన్నారో మీకు తెలుసా?" అన్నాను.

"పడవలోనా? ఆయన నా పక్కన కూర్చోవడం చూశాను. పలకరిస్తారేమోనని ఎదురుచూశానండీ. కాసేపుండి లేచి వెళ్ళిపోయారు."

ఇదీ సంగతి. ఒకరు చెప్పానని, ఇంకొకరు చెప్పలేదని రెండేళ్ళు కుమిలిపోయారు. ఏమన్నారో చెప్పమని కృపానందం గారు నన్ను బతిమాలారు. నేను చెప్పలేదు. అన్నిట్లో తల దూర్చే నేను ఆ ఒక్కసారి నోరు కట్టేసుకున్నాను. "ఆయన్నే అడగండి" అన్నాను.

అడిగారు. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, కుర్చీ జరుపుకుని, హనుమంతరావు గారు తన ఎడమ వైపుకి వచ్చేలా కూర్చున్నారు.

"పడవలో ఏదో అన్నారటగా. నాకు ఆ చెవి పనిచెయ్యదండీ. ఈ పక్క చెప్పండి."

హనుమంతరావు గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తను ఆ రోజు అన్న మాట ఆయనకి గుర్తొచ్చిందని మొహమే చెప్పింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని, అందరూ వింటుండగా, "తప్పు నాదేనండీ. మీరు లేకపోతే అన్నం తిన్నట్టు లేదండీ" అన్నారు. పడవలో చెప్పిందీ అదేనట. కృపానందం గారు తన క్యారియర్లోంచి కొరమీను ముక్క తీసి, పక్కనున్నది అర్చకుల అబ్బాయని గుర్తొచ్చి, నా కంచంలో వేశారు. (నవ్వులు)

అదే వారం హనుమంతరావు గారు ఆ సీడీని యేసుదాసు దగ్గరికి తీసుకెళ్ళి, రెండు పక్కలా ఉన్నదాన్ని ఒకటిగా కలిపించి తెచ్చి ఇచ్చారు. కృపానందం గారు మొట్టమొదటిసారి పాటలు పూర్తిగా విన్నారు. నాలుగో రోజు వచ్చి, "గొంతులు బాగున్నాయండీ. మీరు చెప్పినదానికంటే బాగున్నాయి" అన్నారు. హనుమంతరావు గారు గెలిచేశాననుకుని లేచి నిలబడ్డారు. "అయినా మావాళ్ళే గొప్ప" అన్నారు కృపానందం గారు. ఆ రోజు మళ్ళీ అరుపులు వరండా దాటి వినిపిస్తుంటే మేమందరం ఎంత హాయిగా అన్నం తిన్నామో చెప్పలేను.

రేపటి నుంచి నాకు ఈ స్టాఫ్‌రూమ్ మాటలు వినపడవు. నిజం చెప్పాలంటే, రెండు నెలల నుంచి నాకున్న బెంగ అదే. ఇంట్లో పుస్తకాలు ఉంటాయి. అడగడానికి మనుషులుండరు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. ఇన్నేళ్ళూ వీళ్ళిద్దరూ నన్ను ఎటువైపు అని అడుగుతుంటే, నాకేం తెలుసండీ అని తప్పించుకున్నాను. అబద్ధం. ఆ ఆదివారం తర్వాత నేను ఆగలేదు, దొరికినవన్నీ విన్నాను. నాకు అన్నిటికంటే నచ్చిన బ్యాండు ఆ రెండూ కాదు, పింక్ ఫ్లాయిడ్. (నవ్వులు, చప్పట్లు) కూర్చోండి హనుమంతరావు గారూ, కృపానందం గారూ, మీరిద్దరూ ఒక్క మాట మీద లేవడం ఇదే మొదటిసారి. ఇక్కడ కాదు. ఆదివారం మా ఇంటికి వచ్చి నా తప్పేమిటో నాకు చెప్పండి. అంత తొందరగా ఒప్పుకోను, కాబట్టి చాలా ఆదివారాలు రావలసి ఉంటుంది.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. లైబ్రరీ తాళాలు మైత్రేయి గారికి అప్పగించాను.

సెలవు.