న్యూట్రాన్లు నాలుగెక్కువ

గొంతులో థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ అయ్యాక, రేడియో అయోడిన్ మందు మింగి వచ్చిన భార్య గదిలో ఒంటరిగా ఉంది. భర్త మూసిన తలుపుకు ఇవతల నిలబడ్డాడు.

“చిన్నదాని తెల్ల సాక్సులు ఎక్కడున్నాయి?”

“చెప్పానుగా, కింది అరలో.”

“కింది అరలో దుప్పట్లున్నాయి!”

“దుప్పట్ల వెనక చూడండి.”

“నా వల్ల కాదు. పొద్దున్నే పాలు పొంగిపోయాయి. జడ వేయబోతే చిక్కుపడి అది ఒకటే ఏడుపు. అమ్మ మాత్రలు ఏవి ఏ పూటో తెలీదు. ఇంకెన్నాళ్ళు?”

“అది నా చేతిలో ఉందా?”

“మరెవరి చేతిలో ఉంది?”

“అయోడిన్ చేతిలో.”

“ఉప్పులో కలిపేదేగా! దానికింత రాద్ధాంతమా?”

“పేరొక్కటే. ప్రోటాన్లు రెండింట్లోనూ యాభై మూడే. ఉప్పులోదానికి న్యూట్రాన్లు డెబ్బై నాలుగు, నేను మింగినదానికి డెబ్బై ఎనిమిది. ఐసోటోపంటే అదే. ఆ నాలుగూ ఎక్కువై కుదురుగా ఉండలేదు.”

“ముష్టి నాలుగుకే?”

“బరువు మోసేవాళ్ళకి తెలుస్తుంది.”

“సరే, ఉండలేక ఏం చేస్తుంది?”

“బీటా కణాన్ని విసురుతుంది. అది దూరం పోలేదు, మిగిలిన జబ్బుని అక్కడికక్కడే మాడుస్తుంది. వెంట గామా కిరణం వస్తుంది. దానికి ఒళ్ళూ తలుపూ లెక్కలేదు. అందుకే పిల్లని దూరంగా ఉంచమన్నారు.”

“ఆల్ఫా అని ఇంకోటుండాలిగా?”

“ఇందులో లేదు. ఉన్నా కాగితం అడ్డుపెడితే ఆగిపోతుంది. వెళ్ళండి, దాని స్కూలు బస్సు వచ్చేస్తుంది.”

“మాట మార్చకు. ఎన్నాళ్ళని అడిగాను.”

“ఎనిమిది రోజులకి సగమవుతుంది. ఇంకో ఎనిమిదికి అందులో సగం...”

“అంటే ఎప్పటికీ అయిపోదా!”

“అది కాదు... ఒంట్లోంచి కూడా పోతుంటుంది...”

“ఎప్పటికి?”

“డాక్టరుగారు చెప్పాలి.”

“చెప్పారు.”

“ఎవరు?”

“డాక్టరే. కేకలేద్దామని ఇక్కడికొచ్చే ముందే ఫోన్ చేశాను. మంగళవారంతోనే గడువైపోయిందట. పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకోవచ్చని నీకే చెప్పారట. ఇవాళ శుక్రవారం. వినబడుతోందా?”

“వినబడుతోంది.”

“మూడు రోజులు! అది తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తుంటే లోపల ఏం చేస్తున్నావు?”

“గడియ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.”

“తీయొచ్చుగా!”

“తీస్తే అదొక్కతే రాదు. వెనకాల ఇల్లంతా వస్తుంది.”

“ఏం మాటలవి?”

“పెళ్ళైన తొమ్మిదేళ్ళకి, మెలకువొచ్చేదాకా పడుకున్నానండీ. నన్నెవరూ లేపలేదు. అత్తయ్యకి చెప్పారా?”

“ఇంకా లేదు.”

“అయితే సోమవారం దాకా మీకు ఫోన్ కలవలేదనుకోండి.”