కత్తిరించిన ఊపిరి

ఉబ్బసంతో పోయిన పిల్ల తల్లి, ఏడాది తర్వాత ఆ పిల్ల ఊపిరి రికార్డు వినడానికి ఊపిరితిత్తుల పరిశోధనశాలకి వచ్చింది. పరిశోధకురాలు పాత రికార్డులు ఒక్కొక్కటే పెడుతోంది. స్పీకర్లోంచి ఎవరెవరివో ఊపిర్లు గదంతా ఆడుతున్నాయి.

"పేర్లుండవమ్మా, నంబర్లే. గుర్తుపట్టలేరేమో."

"తొమ్మిదేళ్లు విన్నాను డాక్టరమ్మా. ఇదిగో, ఇదే! నా బంగారుతల్లే! కానీ... మధ్యమధ్యలో ఆగేది కదా, అదేదీ?"

"ఆగడమేంటి?"

"నేను పక్కనుంటే ఊపిరి బిగబట్టేది. పిల్లికూతలు వింటే అమ్మ బెంగపెట్టుకుంటుందని. నాకు తెలీదనుకునేది, పిచ్చిది."

పరిశోధకురాలు రికార్డు ఆపింది.

"ఆ ఖాళీలు మైకు లోపమనుకున్నానమ్మా. నా చేత్తో నేనే కత్తిరించేశాను."

"పోనీలెండి. ఒక్కదానిదేగా."

"కాదమ్మా. నూట పన్నెండు మంది పిల్లలు. అందరివాటిలోనూ ఉండేవి ఆ ఖాళీలు."

తల్లి స్పీకరు మీంచి చూపు తిప్పి ఆమెకేసి చూసింది.

"రికార్డు చేసేటప్పుడు మిగతా పిల్లల పక్కన ఎవరున్నారు?"

"పిల్లలు భయపడకూడదని... అమ్మల్నే కూర్చోబెట్టాం."