పన్నెండు లెక్కపెట్టి పట్టే చేప

“సుశీలా... ఓ సుశీలా, ఆ ఎగ్జాస్ట్ ఫ్యాను కాస్త ఆపవే. ఈ పిల్ల నా మాటలు ఫోనులో రికార్డు చేసుకుంటుందంట.”

“ఆపితే ఇల్లంతా పోపు ఘాటు. ఇరవయ్యేళ్ళ పైన ఆగిన మాటలు, ఇంకో అయిదు నిమిషాలు ఆగలేవా?” అన్నారు వంటింట్లోంచి ఆంటీ. అంటూనే ఫ్యాను ఆపేశారు.

సత్యం అంకుల్ మా నాన్నతో సిడ్నీలో ఒకే ఆఫీసులో పనిచేశారు. నాన్న చేపలు పట్టడానికెళ్ళి చెరువులో పోయిన రోజున ఒడ్డున ఉన్నది ఆయనొక్కరే. నాకప్పుడు రెండేళ్ళు, అమ్మతో కాకినాడలో ఉన్నాను. కాంట్రాక్టు అయిపోతోందన్న బెంగతో కావాలనే నీళ్ళలోకి దిగిపోయాడని మావాళ్ళు అన్నారు. అమ్మ అవుననలేదు, కాదనలేదు. నాన్న ఫోటో గోడమీంచి తీసి బీరువాలో చీరల కింద పెట్టింది. నేను డిగ్రీ మధ్యలో మానేసి, ఇంట్లో కిటికీ దగ్గర కూచుని, ఆ చెరువుని ఊహించుకుంటూ పెరిగినదాన్ని. నా ఊహలో ఒకసారి అది వెన్నెల రంగులో ఉండేది, ఒకసారి నాన్న చొక్కా రంగులో. పెళ్ళయి సిడ్నీ శివారు ద పాండ్స్‌కి కాపురానికొచ్చిన మూడోనెలలో కెల్లీవిల్‌లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. నాన్న కావాలనే పోయాడా అన్నదే నేను అడగాల్సింది. అది నోట్లోంచి రాలేదు.

“మీరిద్దరూ చేపలు ఎలా పట్టేవారో చెప్పండి అంకుల్” అన్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను.

అంకులనే పిలుస్తున్నావు. మీ నాన్న ఉంటే పెదనాన్నా అనిపించేవాడు. సరేలే, ఇక్కడందరూ అంతే.

నీకు ముందే ఒకటి చెప్పాలమ్మా, మీ నాన్నకి గాలం నేర్పింది నేను కాదు. నేను నేర్పింది కోబాల్, ఆ పాత కంప్యూటరు భాష. అందులో నేర్పేదేముంది గనక, సంవత్సరం రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు పెట్టుకుంటూ పోవడం, పొద్దుటినించి సాయంత్రం దాకా, బియ్యంలో రాళ్ళేరినట్టు. “గురువుగారూ, ఇక్కడొకటి నక్కి కూచుందండీ” అనేవాడు. ప్రోగ్రాములో డేటు దొరికినా చేప దొరికినట్టే వాడికి.

ఇద్దరం పారమటాలో ఒక ఫ్లాటులో ఉండేవాళ్ళం. సుశీల ఇంకా రాలేదు. ఈ కెల్లీవిల్లంతా పొలాలే అప్పుడు, గుర్రాలు మేసేవి. మీరుండే చోట ఇళ్ళే లేవు. పది డాలర్లు పెట్టి ఫోను కార్డు కొంటే నాలుగు ముక్కలు మాట్లాడేసరికి అయిపోయేది. మీ నాన్న అందులో సగం నీచేత నాన్నా అనిపించడానికే తగలేసేవాడు. నువ్వేమో ఊఁ అనేదానివి. అదే చాలని మురిసిపోయేవాడు, ఊఁ అందండీ గురువుగారూ అని.

చేపలు కదూ. వస్తున్నా.

వాడు గోదావరి లంకల్లో పుట్టినవాడు. కొరమీనుకి బతికున్న కప్పని కట్టి గాలం వేసినవాడు. అలాంటివాడికి ఇక్కడ శనివారం వస్తే ఏం తోస్తుంది చెప్పు. ఎవరో ఆఫీసులో చెప్పేరు, ఉత్తరంగా మూడు గంటలు కారులో వెళ్తే ఒక లేకు ఉంది, బాసు చేపలు బాగా పడతాయని. లేకంటే మన చెరువులా కాదు, ఏటికి అడ్డంగా డ్యాము కట్టేరు. లోయంతా మునిగింది. లోయలో ఒక చిన్న ఊరు కూడా ఉండేదంట. పాత తారురోడ్డు ఉంటుందమ్మా, మధ్యలో తెల్లగీత కూడా చెరగలేదు, అలా నడుచుకుంటూ వెళ్తే ఆ రోడ్డు తిన్నగా నీళ్ళలోకి దిగిపోతుంది. పడవలు దింపేది ఆ రోడ్డు మీంచే. మొదటిసారి చూసి నేను ఆగిపోయేను. ఊరు కిందే ఉంది, ఎవరో కాసేపట్లో పైకి నడిచొస్తారన్నట్టు ఉంది ఆ రోడ్డు.

పడవలు అద్దెకిచ్చే ముసలాయన రాన్ అని, ఆయన ఆ ఊళ్ళోనే పుట్టేడంట. ఆయన చెప్పేడు, ఈ చెరువులో బాసుకి పిల్లలు పుట్టవని. గుడ్లు పెట్టాలంటే ఉప్పునీళ్ళు తగిలేదాకా ఏటెంబడి కిందకి పోవాలి, అడ్డంగా డ్యాము. అందుకని ఎక్కడో పెంచి తెచ్చి ఇందులో వదుల్తారు. వానొస్తే చేపలన్నీ డ్యాము గోడ దగ్గరకి చేరి నిలబడతాయంట, పోదామని. ఆయన మామూలుగానే చెప్పేడు గానీ, ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పట్టే పద్ధతా? ఎండాకాలమైతే పైపైనే పట్టొచ్చు. కీచురాయి ఆకారంలో చిన్న బొమ్మ ఉంటుంది, తేలుతుంది. పొద్దున్నే ఒడ్డున కొమ్మ వాలిన నీడలోకి దాన్ని విసరాలి. విసిరి కదపకూడదు. నీళ్ళమీద గుండ్రాలు లేస్తాయి చూడు, అవి పూర్తిగా పోవాలి. పోయేక ఒక్క చిన్న కుదుపు, అంతే. కింద ఉన్నది ఉంటే అప్పుడొస్తుంది. నేను ఆ గుండ్రాలు పోయేదాకా ఆగలేకపోయేవాణ్ణి. “గురువుగారూ, మీరు దానికి భోజనం పెడుతున్నారా, తిడుతున్నారా?” అని నవ్వేవాడు.

“ఈయన చేప పట్టగా నేను చూడనేలేదు. నేనొచ్చేక గాలం ముట్టుకుంటేగా” అన్నారు ఆంటీ, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూచుని.

ముట్టుకోలేదు. నిజమే.

చలి మొదలైతే ఇంకో పద్ధతమ్మా. చేప లోతుకి దిగిపోతుంది. అప్పుడు స్పిన్నర్‌బెయిట్ అని, తీగని వంచి ఒక చివర రెండు తళుకు రేకులు, రెండో చివర కొక్కెం, కొక్కేనికి రబ్బరు కుచ్చు. నీళ్ళలో లాగుతుంటే రేకులు గిరగిరా తిరుగుతాయి. ఆ చెరువులో మునిగిన చెట్లు ఉంటాయి, ఎండిపోయి, సగం నీళ్ళలో సగం పైన, తెల్లగా, వాటిమీద నీటికాకులు రెక్కలు చాపుకుని. కొన్ని పూర్తిగా నీళ్ళ కిందే. అదో పళ్ళతోటంట, ఆ ఊరివాళ్ళది. బాసు ఆ చెట్ల తలల మీద ఆగుంటుంది. ఎర సరిగ్గా అంత లోతుకి దిగాలి, ఎక్కువైనా తక్కువైనా లాభం లేదు. ఎలా తెలుస్తుంది? లెక్కపెట్టాలి. ఎర నీళ్ళలో పడగానే ఒకటి అనాలి. మీ నాన్న ఎన్నో ఎరలు పోగొట్టుకుని కనిపెట్టేడు, పన్నెండు. పన్నెండుకి చెట్ల తలల దగ్గరుంటుంది, అప్పుడు మెల్లిగా చుట్టడం మొదలెట్టాలి. పదమూడంటే కొమ్మల్లో ఇరుక్కుపోతుంది. ఇరుక్కుంటే అటుపక్కకి వెళ్ళి వెనక్కి లాగాలి గాని ఉన్నచోటినించి గుంజకూడదు. అదీ వాడే నాకు చెప్పేడు.

వాడు పైకే లెక్కపెట్టేవాడు, తెలుగులో. అద్దె కెనూ, అంటే సన్నటి పడవ, అందులో వాడొక్కడూ చెట్లలోకి వెళ్ళేవాడు. నాకు ఈత రాదు గదా, నేను ఒడ్డునే. అక్కడ పొద్దున్న మంచు ఎలాగుంటుందంటే చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. వాడు కనపడడు, లెక్క మాత్రం వినిపించేది, చెవి పక్కన కూచుని అంటున్నట్టు. ఒకటి, రెండు, మూడు. అవతలి కొండకి తగిలి ఆ లెక్కే మళ్ళీ వచ్చేది, కాస్త ఆలస్యంగా. ఒకరోజు వాడు పన్నెండు అని ఊరుకున్నాక అటునించి పన్నెండు అని వచ్చింది, వాడి గొంతే, కానీ ఎవరో నేర్చుకుంటున్నట్టు. వాడితో అంటే, “మునిగిన ఊళ్ళో బడి కూడా ఉందంటండీ, పిల్లలు వల్లెవేస్తున్నారు” అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నా బుర్రలో మాత్రం ఉండిపోయింది.

ఇక ఆ రోజు. మే నెల... కాదు, ఏప్రిల్ ఆఖరు, ఈస్టరు సెలవులయ్యేక. వైటూకే, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయి అంటూ ప్రపంచం మునిగిపోతుందన్నారు, ఏమీ మునగలేదు, మా పనే అయిపోయింది. జూన్‌తో ఆఖరు అని చెప్పేసేరు. ఒకపక్క పేపర్లనిండా డాట్‌కామ్‌లు, మా కోబాల్ వాళ్ళనడిగే వాడు లేడు. మీ నాన్న దిగులుగానే ఉండేవాడు. నీకు అబద్ధం చెప్పను. కారులో మూడు గంటలూ ఒక్క మాట ఆడలేదు. లైఫ్ జాకెట్టు తొడుక్కోరా అంటే, చేతులు ఆడవండీ అని దాన్ని మడిచి దిండులా వేసుకుని కూచున్నాడు. తెడ్డు నాలుగుసార్లు వేసేడు, మంచులో కలిసిపోయేడు.

కాసేపటికి లెక్క మొదలైంది. పన్నెండు. చుట్టేడు. మళ్ళీ పన్నెండు. అలా ఏ ఏడెనిమిదిసార్లో. తర్వాత ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. అక్కడ ఆగిపోయింది.

ఏడుకే చేప పట్టిందేమో, పడిందండీ అని అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. కొండ నించి ఏడు అని వచ్చింది. తర్వాత అదీ లేదు.

మంచు విడేసరికి చాలాసేపైంది. చెట్ల మధ్య కెనూ బోర్లాపడి ఉంది. జాకెట్టు పక్కనే తేలుతోంది. అప్పుడు రోడ్డెంబడి పరిగెత్తేను రాన్ దగ్గరికి. ఆయన మోటారు పడవేసుకొచ్చేడు. వాడి గాలపు తాడు ఒక ఎండుకొమ్మకి చుట్టుకుని ఉంది, చేతికందేంత ఎత్తులో. దాన్ని తియ్యబోయి ఒరిగేడన్నారు పోలీసులు. చూసినవాళ్ళు లేరు గనక అలా అనుకుంటున్నామని రాసుకున్నారు. నువ్వేమైనా విన్నావా అని నన్నడిగేరు. లేదన్నాను. మీ అమ్మ ఫోనులో అడిగింది, ఆఖర్న ఎవరినైనా పిలిచేరా అండీ అని. లేదమ్మా, చప్పుడే లేదన్నాను.

ఆంటీ ఆయన వైపే చూస్తున్నారు. నా ఊహలోని చెరువుకి అప్పటిదాకా చప్పుడు లేదు. ఇప్పుడు అందులో ఎవరో లెక్కపెడుతున్నారు.

“అంకుల్, చప్పుడు లేదన్నారనే మావాళ్ళు అలా అనుకున్నారు. కావాలని దిగినవాడే ఎవరినీ పిలవడని. అమ్మ కూడా అదే అనుకుంటోంది, ఇప్పటికీ” అన్నాను.

అనుకుంటోందా? మీ అమ్మ కూడానా?

నాకెవరూ చెప్పలేదమ్మా ఆ సంగతి. సుశీలా, నీకు తెలుసునా? తెలుసు. తలూపుతోంది. నేను బాధపడతానని నాకు చెప్పలేదు.

ఆ ఫోను అలాగే ఉంచు, ఆపకు.

మా అమ్మ చిన్నప్పుడు మాకు ఒకటి నూరిపోసింది. మసక వేళ, నీళ్ళ దగ్గర, పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే వెంటనే పలక్కూడదని. నీళ్ళలో ఉన్నవి రెండుసార్లే పిలవగలవు, మనిషైతే మూడోసారీ పిలుస్తాడు, మూడోది విన్నాకే పలకాలని. ఆ ఇంగ్లీషు ఆఫీసులో, ఆ కంప్యూటర్ల మధ్య నేనిదెప్పుడూ తలుచుకోలేదు. ఆ మంచులో తలుచుకున్నాను.

ఏడు అని ఆగిపోయేక పెద్ద చప్పుడేం రాలేదు. కాసేపటికి, “సత్యం” అని వినబడింది. గారు లేదు, గురువుగారూ లేదు, ఉత్తి సత్యం. మీ నాన్న నన్ను ఏనాడూ అలా పిలవలేదు. గొంతు కూడా వాడిది కాదు, సన్నగా, ఆడమనిషి గొంతులా ఉంది. ఆ రోడ్డు గుర్తొచ్చింది, కింద ఉన్న ఊరు గుర్తొచ్చింది. మళ్ళీ అంది, “సత్యం” అని. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, పొరపాటున పలుకుతానేమోనని.

ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో, అందులో పడ్డ మనిషికి ఊపిరి ఎలా బిగిసిపోతుందో రాన్ తర్వాత చెప్పేడు. గొంతు అలాగే అయిపోతుందంట. రెండక్షరాలకి మించి రాదంట. రాన్ మోటారు పడవ పరిగెత్తితే అయిదు నిమిషాల దూరంలో ఉంది, అమ్మా. నేను మూడో పిలుపు కోసం నిలబడి ఉన్నాను, మంచు విడేదాకా.

మీ అమ్మకి ఇది వినిపించు. మీ నాన్న పిలిచేడు. రెండుసార్లు పిలిచేడు, బతకాలనే పిలిచేడు. నేను విన్నాను, పలకలేదు.