లైటు వేసి విన్న రికార్డు

స్టూడియో గదిలో ముగ్గురే ఉన్నారు: పేరు మోసిన బ్యాండుకి పెద్ద, ఆ బ్యాండులోనే పాడే అతని చెల్లెలు, మొదటి పాట నుంచీ వాళ్లని రికార్డు చేస్తున్న ఇంజనీరు. ఈ ఇంజనీరుకి ఇంట్లో పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, లోకమంతా వైర్లు అనే పిలుస్తుంది. సాయంత్రం కంపెనీవాళ్లు వచ్చేలోగా పెద్దాయన ఏడో రికార్డు ఆఖరిసారి విని సరే అనాలి. పాపం, వైర్లుకి పొద్దున్నుంచీ కాలు నిలవడం లేదు.

"లైటు ఆర్పనా అన్నా?"

"ఆఁ?"

"లైటు. ఆర్పనా అంటున్నా."

"ఇటు తిరిగి చెప్పరా వైర్లూ. గోడకి చెప్తావేంటి?"

"లైటు ఆర్పేయనా?"

"వద్దు. ఉండనీ."

"అదేంటన్నయ్యా? ఆరు రికార్డులూ చీకట్లోనే విన్నాం. నువ్వు పెట్టిన రూలేగా, చీకట్లో అయితే చెవులు పెద్దవవుతాయని."

"పెట్టింది నేనే, తీసేసిందీ నేనే. లైటు వెలిగితే నీ సొమ్మేం పోయిందే చిట్టీ?"

"నా సొమ్మేం పోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లావా?"

"ఏ డాక్టరు?"

"చెవుల డాక్టరు. నేను టైము కూడా తీసుకుని పెట్టాను."

"ఇదిగో, మళ్లీ మొదలు! నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. పెట్టరా నువ్వు."

"అన్నయ్యా, నామీద ఒట్టు, వినపడకపోతే చెప్పు. సిగ్గేముంది ఇందులో? వైర్లు మిక్సింగ్ పూర్తి చేస్తాడు, నేను పక్కన కూర్చుంటా..."

"నా పాట మీద ఇంకొకడి చెయ్యి పడదు. పడితే అసలు రికార్డే లేదు. కంపెనీవాళ్లకీ అదే చెప్పాను, నీకూ అదే చెప్తున్నా."

"జనం నాలుగేళ్లుగా కాచుకుని కూర్చున్నారన్నా. రాని రికార్డుకి వాళ్లే బొమ్మలు గీసేసి, పాటలకి పేర్లు పెట్టేసుకున్నారు. నాకు జుట్టు కత్తిరించే ఆయనైతే రెండో పాట పల్లవి కూడా పాడి వినిపించాడు."

"మనం చెయ్యని పల్లవా? ఎలా ఉందిరా?"

"నిజం చెప్పనా? మనదానికంటే బాగుంది."

"నీ మొహం! పెట్టు, పెట్టు."

"చెయ్యి స్పీకరు మీదెందుకన్నయ్యా?"

"ఊరికే. ఆనుకోవడానికి. నీకు అన్నీ కావాలి!"

"పెడుతున్నానన్నా. ఒక్క నిమిషం, మెషీనులో పాట తెరుచుకుంటోంది..."

"ఊఁ. ఆహా!"

"అన్నా, అదీ..."

"ష్! మాట్లాడకు. డ్రమ్ము కాస్త వెనక్కి జరుపు. వీధి చివర ఎవరో కొడుతున్నట్టుండాలి గానీ, నా నెత్తిమీద కాదు."

"అన్నా, ఒక్కసారి..."

"ష్ అన్నానా?"

"వైర్లూ, ఇలా రా. పాట పెట్టావా?"

"లేదక్కా."

"మరి?"

"మెషీను ఇరుక్కుపోయింది. ఒక్క ముక్క కూడా మోగలేదు. నా వేలు బటన్ మీద చూసి మొదలైందనుకున్నాడు."

"అయ్యో దేవుడా."

"మెల్లగా అక్కా!"

"మెల్లగా ఎందుకురా, కళ్లు మూసుకున్నాడు. మన పెదాలు కనపడకపోతే మనం లేనట్టే ఆయనకి. నెల్లాళ్లుగా అనుకుంటూనే ఉన్నా. ఇంత దాకా వచ్చిందనుకోలేదు."

"కాలితో తాళం వేస్తున్నాడు చూడు."

"చూస్తున్నా. వెళ్లి చెప్పు."

"నేనా? నావల్ల కాదక్కా. నీకు దణ్ణం పెడతా, నువ్వే చెప్పు."

"ఏమని చెప్పనురా? నీకు చెవులు పోయాయి, లేచి ఇంటికి పద అని చెప్పనా? చెప్తే వింటాడు, కోటు తీసుకుని వెళ్లిపోతాడు. మళ్లీ ఈ గడప తొక్కడు. రికార్డూ ఉండదు, ఆయనా ఉండడు."

"చెప్పకపోతే?"

"నాకు తెలీదు. నన్నడక్కు."

"ఒరేయ్ వైర్లూ! రెండో పాట అదిరింది. ఏమీ ముట్టుకోకు. ఇదిగో మూడోది... ఇదిగో, వచ్చాడు బావ!"

"ఏమన్నాడు?"

"బావ అన్నాడక్కా."

"మా ఆయన వేణువు ఇందులో లేదుగా?"

"ఆయన పోయాక ఆ చోట ఎవర్నీ వాయించనివ్వలేదుగా అన్న. అక్కడ అంతా ఖాళీయే. ఖాళీగానే వదిలేశాం... అక్కా? అక్కా, కూర్చో."

"వదులు నన్ను. అన్నయ్యా! అన్నయ్యా, ఇటు చూడు. ఎలా వాయిస్తున్నాడు?"

"భుజం కుదపకే, చూస్తున్నా. నీకు వినపడట్లేదా చిట్టీ?"

"నువ్వు చెప్పు. నీ నోటితో చెప్పు."

"ముందు ఊపిరి తీసుకున్నాడు. అది కోసెయ్యొద్దురా వైర్లూ! ఎప్పుడూ నీకిదే గోల, ఊపిరి చప్పుడు తీసేస్తా, శుభ్రం చేస్తా అని. ఆ చప్పుడు ఉంటేనే మా బావ."

"తియ్యనన్నా."

"ఇంకా?"

"రెండో చరణం నీకంటే ముందే అందుకున్నాడు. నిన్ను ఏడిపించడానికి. నువ్వు మాట మర్చిపోయి నవ్వేశావు. ఆ నవ్వు కూడా పడింది."

"నేను నవ్వానా?"

"నవ్వావే. మళ్లీ తీద్దామంటే బావ ఒప్పుకోలేదు, అలాగే ఉంచమన్నాడు."

"అక్కా, మెషీనులో పాట తెరుచుకుంది. నొక్కమంటావా?"

"ఆగు."

"కంపెనీవాళ్లు వచ్చే వేళయిందక్కా."

"ఆగమన్నానా!"

"ఎంతసేపని ఆగను? ఎప్పుడో అప్పుడు నొక్కాల్సిందేగా."

"తెలుసురా. తెలుసు. అన్నయ్యా, తర్వాత?"

"ఏడుస్తున్నావేంటే?"

"బాగుంది. అందుకు."

"బాగుండటం కాదు. దీని ముందు మన ఆరు రికార్డులూ బలాదూర్. ఇన్నేళ్లూ తీసిందంతా దీనికోసం చేసిన ప్రాక్టీసేమో అనిపిస్తోంది."

"అన్నయ్యా, ఒక మాట చెప్పాలి. కోప్పడకు."

"చెప్పకు."

"వైర్లు ఇంకా పాట..."

"నొక్కలేదు. అంతేగా? ఇందాకట్నుంచీ నా చెయ్యి ఈ స్పీకరు మీదే ఉంది కదే, ఒక్కసారైనా అదిరిందా? నిన్న మీరెవరూ లేనప్పుడు వచ్చి నేనే నొక్కుకున్నాను. చేతికింద అదురుతూనే ఉంది, ఒక్క పాటా వినపడలేదు. ఇవాళ అన్నీ వినపడుతున్నాయి. నొక్కొద్దని చెప్పు వాడికి, ఈ పాట అయ్యేదాకా."