పదకొండో ఫోటో

కుట్టు దుకాణంలో మధ్యాహ్నం. తమ్ముడు చెప్పులు విప్పేలోపే అక్క మిషను ఆపేసింది.

"తీసెయ్యి. లోపలికి తర్వాత రావచ్చు, ముందది తీసెయ్యి."

"ఏది?"

"ఏదా! పొద్దున్నే చుట్టాల గ్రూపులో పదకొండు ఫోటోలు కుమ్మరించావే, అందులో చివరిది. పెట్టేముందు నన్నడిగావా?"

"అడిగేదేముందక్కా? అటక సర్దుతుంటే పాత కెమెరా దొరికింది. లోపల రీలు అలాగే ఉంది. స్టూడియోలో ఇస్తే ముప్పై ఆరింటికి పదకొండు నిలిచాయి. నువ్వూ నాన్నా సిటీకెళ్ళినప్పటివి. ఎస్కలేటరు మీద నాన్న రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, బిక్కమొహం వేసుకుని..."

"నవ్వకు."

"నవ్వడానికి రాలేదు. చివరి ఫోటోలో నువ్వు నోటీసుబోర్డు ముందు నిలబడి, ఒక కాగితం మీద వేలు పెట్టావు. అందరికీ పంపాక పెద్దది చేసి చూశా."

"చూస్తే చూశావులే. నాన్న చూడకముందే తీసెయ్యి."

"ఆ కాగితం పైన 'ఎంపికైనవారు' అనుంది."

"ఆ కత్తెర ఇలా ఇవ్వు."

"నీ వేలు కింద నంబరూ, రెండో చేతిలో హాల్ టికెట్టు మీద నంబరూ ఒకటే. నర్సు ట్రైనింగుకి నువ్వు ఫెయిలవలేదు."

"కత్తెర ఇవ్వమన్నానా!"

"ఇవ్వను! ఇరవై రెండేళ్ళు అబద్ధమాడావు. సీటొచ్చి ఇంట్లో ఎందుకు కూర్చున్నావు? భయమేసిందా? నాన్న ఎంత కుమిలిపోయాడో తెలుసా? నా కూతురు ఒక్క పరీక్ష గట్టెక్కలేకపోయిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని..."

"చెప్పుకున్నాడు. బాగా చెప్పుకున్నాడు, నేను మంచినీళ్ళిస్తుంటే నా మొహం మీదే. మామయ్య పిల్లలు నాకు పేరు కూడా పెట్టారు. గుర్తుందా?"

"...ఫెయిలక్క."

"నువ్వూ పిలిచావు. ఎనిమిదేళ్ళప్పుడు, వీధిలో, నలుగురి ముందూ."

"నాకేం తెలుసు! నువ్వు చెప్పకపోతే..."

"ఏమని చెప్పను? ఆ ఫోటో తీసిందెవరనుకున్నావ్, దారినపోయేవాడా? నాన్న! నంబరు కనపడేలా వేలు పెట్టమ్మా అని తనే నిలబెట్టి తీశాడు."

"నాన్నకి తెలుసా?"

"రైలెక్కేదాకా ఒకటే సంబరం. సగం దారిలో మొహం మారిపోయింది. దిగబోయేముందు అన్నాడు, 'మీ అమ్మ పోయి నాలుగు నెలలే. వాడికి ఆరేళ్ళు, వాణ్ణెవరు చూస్తారు? పాసయ్యావంటే పంపమని అందరూ నన్ను తినేస్తారు. ఫెయిలయ్యావని చెబుదాం' అని. చెబుదామా అని అడగలేదు. చెబుదాం అన్నాడు."

"అంటే... నా కోసమా?"

"నీ పేరు చెప్పాడు. అందులో నీ తప్పేం లేదు. పంతొమ్మిదేళ్ళదాన్ని, సరే అనుకున్నా. కానీ ఒక్కసారి చెప్పి ఊరుకోవచ్చుగా? ఇన్నేళ్ళూ దాన్నే పట్టుకుని దెప్పాలా? ఫోటోలేవి నాన్నా అంటే, రీలుకి వెలుతురు తగిలి పాడైపోయిందన్నాడు. ఇంటి అటక మీదే ఉంచాడన్నమాట!"

"ఛీ! ఇప్పుడే వెళ్ళి అడిగేస్తా."

"ఎవరూ ఏం అడగక్కర్లేదు. డెబ్బై దాటాడు. ఇప్పుడు పదిమందిలో తలదించుకోవడం ఎందుకు? ఫోటో తీసెయ్, చాలు."

"నీకసలు కోపం రాదా?"

"రాకేం! రోజూ ఈ మిషను మీద తొక్కేది అదే. తీసెయ్ ముందు."

"సరే, సరే, తీస్తున్నా. ఆఁ... అక్కా, నాన్న చూసేశాడు. కింద ఏదో రాశాడు."

"రాశాడా? ఏమని? ఒప్పుకున్నాడా?"

"వద్దులే అక్కా."

"పైకి చదవరా!"

"'ఇది మా అమ్మాయి ఫెయిలైన రోజు. ఏడుస్తుంటే ఊరడించి నేనే తీశాను.' మామయ్య కింద దండం బొమ్మ పెట్టాడు."

"ఏడుస్తుంటేనా!"

"ఇదిగో, తీసేస్తున్నా..."

"ఆగు! చెయ్యి తియ్యి దాని మీంచి. నంబరు కనిపించేలా పెద్దది చేసి నా ఫోనుకి పంపు. ఈసారి నేను పెడతా."