పక్క సీట్లో అత్తగారు

ఆ స్టీరింగుని దొంగ జబ్బ పట్టుకున్నట్టు పట్టుకున్నావేమే? ఎక్కడికీ పారిపోదులే, కాస్త వదులు చెయ్యి. ఆఁ, అలా. ముందు కారు వెనక అద్దాన్నే గుడ్లప్పగించి చూడకు, దానికి అవతల ఏం జరుగుతోందో చూడు. సరే సరే, నోరు మూసుకుంటాను. లైసెన్సు వేడి కూడా ఇంకా తగ్గలేదు, అప్పుడే అమ్మమ్మ మీద విసుక్కోవడం వచ్చేసింది నీకు. ఏంటీ, ఈ సణుగుడు ఎక్కడ నేర్చుకున్నానా? భలేదానివే. నాది సణుగుడేంటే, నా పక్కన కూర్చుని సణిగిన మహానుభావుణ్ణి నువ్వు చూడలేదు. ఆయన ముందు నేనెంత! మా మాస్టారు, రేసు ట్రాకు మీద నాకు బండి నేర్పినాయన. చాటుగా అందరూ ఆయన్ని అత్తగారు అనేవాళ్లు. మగాయనే తల్లీ, ఇంతింత మీసాలు కూడానూ. పక్క సీట్లో కూర్చున్నారంటే చాలు, గేరు వేస్తే ఒక వంక, వెయ్యకపోతే ఒక వంక. కొత్తకోడలు వంటింట్లో ఏం ముట్టుకున్నా అత్తగారికి నచ్చదు చూడు, అచ్చం అలాగే. అందుకే ఆ పేరు. వయసులో ఉండగా తనే రేసులు తోలేవారట, ఓసారి కారు పల్టీలు కొట్టి మోకాలు చితికిపోయాక మానేసి నేర్పడం మొదలెట్టారు. పోయి చాలా ఏళ్లయిందిలే. కానీ నేను స్టీరింగు ముందు కూర్చున్న ప్రతిసారీ ఆయన్ని ఒక్కసారి తలుచుకోకుండా తాళం తిప్పలేదు, నీ మీద ఒట్టు.

ఆసుపత్రి అంబులెన్సు తోలేదాన్ని, నాకు రేసు ట్రాకు ఎందుకంటావా? అదే చెప్తున్నా, ఆగు. ముందు ఆ స్కూటరాయన్ని పోనీ, ఆయనకి మనకంటే తొందరగా ఉంది. ఆఁ. ఏం చెప్తున్నాను? ఆ రోజు వాన పడుతోంది. వెనకాల ఒక పెద్దాయన, కాలు విరిగింది, పక్కన నర్సు. ఆసుపత్రికి వచ్చే దారిలో పిండిమిల్లు గోడ పక్కన ఒక మలుపుంది. ఆ మలుపు మధ్యలో ఎదురుగా కుక్క వచ్చింది, నా కాలు బ్రేకు మీదికి పోయింది. అంతే, వెనక చక్రాలు నా మాట వినడం మానేశాయి. బండి బొంగరంలా తిరిగి గోడకి ఆనుకుని నిలబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సుకి మణికట్టు బెణికింది. ఆ పెద్దాయన మాత్రం నింపాదిగా కిటికీలోంచి చూసి, 'ఇది పిండిమిల్లు కదమ్మా, నన్ను ఆసుపత్రికి కదా తీసుకెళ్లమన్నారు' అన్నాడు. తర్వాత మా వాళ్లంతా చెప్పుకుని చెప్పుకుని నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి మలుపొస్తే చాలు, కాలు వణికేది, ఊపిరాడేది కాదు. తిన్నగా ఉన్న రోడ్డు మీద రాణిలా వెళ్లేదాన్ని, మలుపు కనపడగానే పిల్లిలా అయిపోయేదాన్ని. తోటి డ్రైవర్లు చూడనే చూశారు, మా సూపరింటెండెంటు దాకా వెళ్లింది. ఆయన మంచాయనే, కోప్పడలేదు. 'ట్రాకు మీద ఒక మాస్టారున్నారు, వెళ్లి నేర్చుకుని రా. ఆయన సరేనంటే నీ బండి నీది. కాదంటే లాండ్రీలో ఖాళీ ఉంది' అన్నారు. లాండ్రీ తక్కువ పనని కాదే. మా పిన్ని అక్కడే చేసింది, దుప్పటి మడత పెట్టిందంటే ఇస్త్రీ చేసినట్టుండేది. ఇంటికొచ్చి మా చొక్కాలు కూడా దుప్పట్లలాగే మడత పెట్టేది, అదో గొడవ. కానీ నాకు బండే కావాలి. ఇంట్లో అందరూ నాకు చెప్పేవాళ్లే. బండెక్కితే మాత్రం రోడ్డంతా నా మాట వినేది. అది పోతుందంటే నాకు అన్నం సయించలేదు, నిజంగా.

సరే, వెళ్లాను. అక్కడంతా కుర్రాళ్లు, డబ్బున్న నాన్నల కొడుకులు, కార్లు చూస్తే నేల మీద పాకుతున్నట్టున్నాయి. నేనేమో ఆసుపత్రి యూనిఫాంలో, చంకలో టిఫిను డబ్బాతో. ఒకడు నన్ను చూసి కాంటీను ఎటువైపో చెప్పాడు కూడా! పాపం, సాయం చేద్దామనే. హెల్మెట్టిచ్చారు. నాకు ఇంత ముడి ఉండేది ఆ రోజుల్లో, హెల్మెట్టు దిగదు. నేను పై నుంచి నొక్కుతున్నాను, ముడి కింద నుంచి తోస్తోంది. మాస్టారొచ్చారు. కుంటుతూ వచ్చి, ఎగాదిగా చూసి, మొదటి మాట ఏమన్నారో తెలుసా? 'ముడి విప్పి జడేసుకో అమ్మాయ్. బుర్రలో ఉన్నది తర్వాత చూద్దాం, బుర్ర మీదున్నది ముందు సర్దు.' అదీ ఆయన వరస. ఇక కారెక్కిస్తారనుకున్నాను. ఎక్కించలేదు. ట్రాకంతా నడిపించారు. ఆ కుంటికాలుతో తనూ నడిచారు. ప్రతి మలుపు దగ్గరా ఆపి, 'ఇక్కడ నీ కళ్లెక్కడుండాలి? చెయ్యి పెట్టి చూపించు' అనడం. నేను నా ముందున్న గోడని చూపిస్తే, 'గోడని చూస్తే గోడకే పోతావు, మలుపు అయిపోయే చోటు చూడు' అనడం. మళ్లీ నడక. కుర్రాళ్లు విసుక్కున్నారు కానీ నాకు బాగుంది. కాళ్లతో నడిచిన చోటు కదా, కారులో వచ్చినప్పుడు తెలిసిన వీధిలా అనిపించింది.

తర్వాత మొదలైంది సణుగుడు. 'బ్రేకు ముందే, తిన్నగా ఉన్నప్పుడే. మలుపులో కాదు. వదిలేటప్పుడు ఒక్కసారిగా వదలకు, నిద్రపోయిన పసిపిల్ల తల కింద నుంచి చెయ్యి తీసినట్టు తియ్యి. తియ్యమంటే తన్నుతున్నావేం?' బ్రేకు తొక్కితే బండి బరువంతా ముందు చక్రాల మీదికొస్తుందట, వెనకవి తేలికైపోతాయి, మలుపులో తొక్కితే ఇక అవి జారకేం చేస్తాయి. పిండిమిల్లు దగ్గర జరిగింది అదేనని అప్పుడు బోధపడింది నాకు. బుర్రకి బోధపడింది. చేతులకి ఎక్కడ? ఇంతకీ నేను చేసిన తమాషా పని చెప్పలేదు కదూ. మలుపు రాగానే నా చెయ్యి స్టీరింగు వదిలేసి డాష్‌బోర్డు మీద తడిమేది. ఆయన చూశారు, చూశారు, 'ఏం వెతుకుతున్నావమ్మా?' అన్నారు. అప్పుడు చూసుకున్నాను. సైరన్ మీట! అంబులెన్సులో భయమేస్తే సైరన్ పెంచడం అలవాటు కదా, రేసుకారులో దాని కోసం వెతుకుతున్నాను! 'ఎవర్ని తప్పుకోమంటావు? ట్రాకు మీద ఉన్నది మనిద్దరం. నన్ను దిగిపొమ్మంటున్నావా?' సిగ్గుతో చచ్చిపోయాను. ఎంత వద్దనుకున్నా చెయ్యి పోతూనే ఉంది. ఇంకొకరైతే చేతి మీద ఒకటి వేసేవాళ్లు. ఆయన కాసేపు మీసం గోక్కుని, 'చెయ్యి స్టీరింగు మీదే ఉంచి, సైరన్ నోటితో కుయ్యి' అన్నారు. నేను ఎగతాళనుకున్నాను. 'కుయ్యి అమ్మాయ్, మలుపొస్తోంది!' అని అరిచారు. కూశాను. కుయ్యో కుయ్యో అని. నవ్వకే, రోడ్డు చూడు. ట్రాకు చుట్టూ కూసుకుంటూ తిరిగాను. గోడ మీద కూర్చున్న కుర్రాళ్లు పొట్టలు పట్టుకుని దొర్లారు. కానీ మలుపు దాటేశాను! ఎందుకో తెలుసా? నోటితో కూస్తుంటే ఊపిరి బిగబట్టలేవు. ఊపిరి ఆడితే ఒళ్లు బిగుసుకోదు, ఒళ్లు వదులైతే కాలు వణకదు. ఆయన నా జబ్బు కనిపెట్టేశారు. మా ఆసుపత్రిలో అంతమంది డాక్టర్లున్నా నాకా మందు ఎవరూ రాయలేదు.

ఆ తర్వాత ఒక మలుపుని పైపులు పెట్టి తడిపించారు. 'ఇవాళ దీని మీద నువ్వు జారాలి. జారకుండా వస్తే మళ్లీ పంపిస్తా' అన్నారు. అదేం చదువో! వెళ్లాను, జారాను, గిర్రున తిరిగాను, కళ్లు గట్టిగా మూసుకున్నాను. జారినందుకు ఒక్క మాట అనలేదు. కళ్లు మూసుకున్నందుకు మాత్రం దులిపేశారు. 'మూస్తే ఏం కనపడుతుంది, పిండిమిల్లా?' అని. మళ్లీ వెళ్లు, మళ్లీ జారు. పొద్దుటి నుంచి అదే పని. చివరికి ఎలా అయిందంటే, బండి తిరుగుతుంటే కళ్లు తెరుచుకుని నవ్వుతున్నాను. అప్పుడు ఆయన, 'భయపడితే నీ కాలు ఏం చేస్తుందో ఇన్నాళ్లూ బండికి తెలుసు, నీకే తెలీదు. ఇప్పుడు నీకూ తెలిసింది. ఇక మీరిద్దరూ చూసుకోండి' అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది. హెల్మెట్టులో ఏడిస్తే ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి దూరదే, అదో నరకం.

చివరి రోజు పరీక్ష. తడి మలుపుతో సహా ట్రాకంతా తిరగాలి, ఆయన పక్కన. సరే అంటే బండి, కాదంటే లాండ్రీ. నేను సిద్ధంగా ఉన్నాను, ఏ వంక పెడతారో, ఏం సణుగుతారో అని. మొదటి చుట్టు ఏమీ అనలేదు. కోపమేమో అనుకున్నాను. తడి మలుపు దాటాను, అయినా మాట లేదు. తిన్నని రోడ్డు మీదికొచ్చాక కొంచెం తిరిగి చూద్దును కదా, తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని, గుర్రు! రేసుకారులో, ఆ మోతలో, ఆ వేగంలో! ఆపమని ఆయన చెప్పాలి, ఆయనేమో నిద్ర. లేపుదామంటే మర్యాద కాదు. ఏం చెయ్యను, తిరుగుతూనే ఉన్నాను. జెండా ఊపేవాడు జెండా ఊపి ఊపి, చివరికి చొక్కా కూడా విప్పి ఊపాడు. ఆగాక కుదుపుకి లేచి, మీసం తుడుచుకుని, ఇటూ అటూ చూసి, 'సరే, వెళ్లి నీ బండి నువ్వు తోలుకో' అని దిగి కుంటుకుంటూ వెళ్లిపోయారు. అంతే! కుర్రాళ్లు ఒకటే ఎగతాళి, 'పాఠం ఎంత బాగా చెప్పావక్కా, మాస్టారే నిద్రపోయారు' అని.

నాకెంత చిన్నతనమేసిందో. బండొచ్చింది, సంతోషమే. కానీ నా తోలడం చూడనే లేదు కదా! ఉద్యోగం పోతుందని జాలిపడి వదిలేశారు, ఆడమనిషి కదా, ఇక్కడిదాకా వచ్చింది, పోనీలే పాపం అనుకుని ఉంటారు, అనుకున్నాను. ఆ ముల్లు చాలా ఏళ్లు ఉంది లోపల. అవతల బండేమో బ్రహ్మాండంగా తోలుతున్నాను. ఓసారి కొండ దారిలో వాన, ఎదురుగా లారీ అడ్డం తిరిగితే, కళ్లు ఖాళీ ఉన్న చోటికి పోయాయి, చేతులు కళ్ల వెనకే పోయాయి. వెనకాల నిండు చూలాలు, ఆవిడకి ఏం జరిగిందో కూడా తెలీదు. దింపాక నర్సు వచ్చి నా భుజం గట్టిగా పట్టుకుంది. ఎన్ని ప్రాణాలే తల్లీ! అవన్నీ ఆయన నా చేతుల్లో పెట్టినవి. అంత తెలిసీ, ఆయన నన్ను జాలితో పంపించారన్న మాట మాత్రం మనసులోంచి పోయేది కాదు. వెళ్లి అడగలేదు. అడిగితే ఔనంటారేమోనని.

ఆయన పోయారని ఆలస్యంగా తెలిసింది. వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య, సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి, కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఎవరని అడిగింది. ఫలానా ఆసుపత్రిలో అంబులెన్సు తోలుతాను, మాస్టారి దగ్గర నేర్చుకున్నాను అన్నాను. ఆవిడ నా చేతులు రెండూ పట్టుకుని, 'నువ్వేనా అమ్మా?' అంది. నాకర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. కారు పల్టీ కొట్టింది చూడు, అప్పుడు తోలింది ఆయన కాదట, ఆయన పక్క సీట్లో ఉన్నారట. అప్పటి నుంచి ఇంకొకరు తోలే బండిలో కన్ను మూతపడేది కాదట. 'బస్సులో కూడా అంతే. నా పుట్టింటికి ఎంత దూరం, తెల్లార్లూ నిటారుగా కూర్చుని, లేని బ్రేకు కాలితో నొక్కుతూనే ఉండేవారు. మా అబ్బాయి తోలినా అంతే, వాడికి కోపమొచ్చేది' అంది. అందుకేనే ఆ సణుగుడంతా! భయం తల్లీ, రోజూ ఆ భయంతోనే వచ్చి మా పక్కన కూర్చునేవారు. 'ఒకరోజు ఇంటికొచ్చి గడపలోనే నిలబడ్డారు. ఏమైందంటే, ఇవాళ నిద్రపోయానే అన్నారు. ఎక్కడంటే, బండిలో అన్నారు. ఎవరు తోలారంటే, అంబులెన్సు పిల్ల అన్నారు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు' అంది.

...

ఏంటి? ఏం లేదు, నలుసు పడింది. నన్ను చూస్తావేం, రోడ్డు చూడు. ఏంటీ? నేను నీ పక్కన ఎప్పుడు నిద్రపోతానా? ఇప్పుడప్పుడే ఆశలు పెట్టుకోకు. పచ్చ లైటు పడింది, పోనీ. మెల్లగా.