టోపీ గుట్ట చుట్టూ పన్నెండొందల ఎనిమిది దుప్పులు

ఎవరూ, ఓనీటానా? ఓనీటా హీటన్ సంగతి నన్నడగమన్నారా? ఎవరు చెప్పారమ్మాయ్, ఆ పోస్టాఫీసు పిల్లేనా? దాని నోట్లో నువ్వుగింజ నానదు. సరే, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా కిటికీ పక్కకి రా. కాఫీ మా ఇంట్లో ఉండదు, పీచ్ పళ్ళ సీసా తెరిచాను, తిను. దుప్పుల ఆఫీసు నుంచి వచ్చావని ముందే తెలిస్తే గేటు దగ్గరే ఆపేసేవాణ్ణి. లోపలికొచ్చాక ఇంక మర్యాద మర్యాదే. మళ్ళీ దుప్పులు తగ్గిపోతున్నాయట కదా, రేపు బడిలో మీటింగట కదా? వేట మూసేద్దామా, దుప్పి పిల్లల్ని తినే కయోటీ నక్కల్ని చంపిద్దామా, ఆడదుప్పుల్ని కొట్టనిద్దామా... నాకు తొంభై దాటాయి, ఈ యూటా కొండల్లో నేను వింటున్నది ఇదే పాట. పాడేవాళ్ళు మారతారు, అంతే. ఓనీటా బతికుంటే మీ మీటింగులో అందరూ ముక్కు మూసుకుని కూర్చునేవాళ్ళు. హాస్యానికి కాదు, నిజంగానే. ఆవిడ కంపు కొట్టేది.

అదేంటి, అలా చూస్తావ్? చచ్చినవాళ్ళ గురించి అబద్ధం చెప్పమంటావా? మొగుడు గుర్రం మీంచి పడి పోయాక అతని ఉద్యోగం ఆవిడకిచ్చారు. కయోటీల్ని పట్టడం. నూటిరవై ఇనప బోన్లు, ఓ పాత ట్రక్కు. కయోటీ బోను దగ్గరికి రావాలంటే ఎర మందు ఉండాలి కదా, అది ఆవిడే కలిపేది. కయోటీ ఉచ్చ, కుళ్ళబెట్టిన చేప, ఇంకా ఏమేమో సీసాలో పోసి రెండు వేసవులు ఎండలో పెట్టేది. ఆ కంపు ఒంటికి పట్టేసింది. చర్చిలో చివరి బల్ల మొత్తం ఆవిడొక్కర్తిదే. బిషప్పు పాపం ప్రతి ఆదివారం వెళ్ళి చెయ్యి కలిపేవాడు, కలిపాక ప్రార్థన అయ్యేదాకా ఆ చెయ్యి తనది కానట్టు దూరంగా పట్టుకునేవాడు. ఆవిడకి తెలుసు. తెలిసే, ఆయన ఒక చెయ్యిస్తే రెండు చేతుల్తో పట్టుకుని, "ఎలా ఉన్నారు బిషప్పు గారూ, పిల్లలు ఎలా ఉన్నారు, ఆవు ఈనిందా" అని చాలాసేపు వదిలేది కాదు. అలాంటి మనిషి. పని మాత్రం... పనికి వంక పెట్టలేను. నేను ఊరికే ఎవర్నీ మెచ్చుకోను, అడుగు ఎవర్నైనా. నేల మీద గీత కనిపిస్తే అది ఎవరి కాలో, ఎప్పుడు పడిందో, ఆ కాలికి నొప్పుందో లేదో చెప్పేసేది.

సరే, అసలు సంగతి. నాకప్పుడు ముప్పై రెండు. ఆ ఏడు పై ఆఫీసు నుంచి కబురొచ్చింది, చలికాలం చివరి లెక్కలో ఆరొందల దుప్పులకి తక్కువొస్తే మూడేళ్ళు వేట బంద్ అని. మూడేళ్ళంట! మా గ్రీజ్‌వుడ్ ఊళ్ళో వేట మొదలయ్యే రోజున బడికి సెలవు, కోర్టుకి సెలవు, పెళ్ళికూతురున్న ఇంట్లో కూడా పెళ్ళి పెట్టుకోరు. ఏడాదికి సరిపడా మాంసం సీసాల్లో పెట్టుకునేది అప్పుడే. అంతకుముందేడు లెక్క నాలుగొందల ముప్పై. అంటే మా పని అయిపోయినట్టేగా. లెక్కెలా పెడతారంటే, దుప్పుల ఆఫీసు వార్డెన్ క్రాండల్ టోపీ గుట్ట ముందు సందులో ట్రక్కులో కూర్చునేవాడు. మంచివాడే, కళ్ళు సరిగా ఆనవు, ఆ సంగతి ఒప్పుకోడు. ఊరి మగాళ్ళం గుర్రాల మీద వెళ్ళి దుప్పుల్ని నెమ్మదిగా ఆ సందులోంచి అదిలించేవాళ్ళం. అవి దాటుతుంటే ఆయన చేతిలో చిన్న మిషను టిక్కు టిక్కుమని నొక్కుకుంటాడు. నేనేం చేశానంటే, ముందురోజే గుట్ట వెనకాల పది మోపుల గడ్డి వేయించాను. సందు దాటిన దుప్పి గుట్ట వెనక్కి పోతుంది, గడ్డి చూసి ఆగుతుంది. అక్కణ్ణుంచి చుట్టూ తిప్పి మళ్ళీ సందులోకి తోలడమే. ఇది నా ఆలోచన. రాసుకో, నాది. వెర్ల్‌ది కాదు. వెర్ల్ అంటే నా బావమరిది, మా ఆవిడ లరూకి తమ్ముడు. చచ్చేదాకా ఆ ఆలోచన తనదేనని చెప్పుకు తిరిగాడు. వాడి సమాధి రాయి మీద "నిజాయితీపరుడు" అని చెక్కించారు. నేను ఆ పక్కకి పోను.

మొదటిసారి నాలుగొందల పన్నెండు. రెండోసారి నాలుగొందల అయిదు, ఏడు అలిసిపోయి గడ్డి దగ్గరే పడుకున్నాయి. కలిపితే ఎనిమిదొందల పదిహేడు, అంతే చాలు. నాకు చదువు అంతంతమాత్రం, సంతకానికే చెమటలు పడతాయి, లెక్కలో మాత్రం నన్ను కొట్టేవాడు లేడు. "వెర్ల్, ఇంక ఆపు" అన్నాను. వాడేమో, "బావా, ఆయన ఎంత ఆనందంగా నొక్కుతున్నాడో చూడు, పాపం ఇంకోసారి నొక్కనిద్దాం" అని మూడోసారి తోలేశాడు. మూడొందల తొంభై ఒకటి. క్రాండల్ ట్రక్కు దిగి టోపీ తీసి, "లవెల్, నా ఉద్యోగంలో ఇంత మంద చూళ్ళేదయ్యా" అని కళ్ళు తుడుచుకున్నాడు. పన్నెండొందల ఎనిమిది! మేం నవ్వాపుకోలేక గుర్రాల మెడల్లో మొహాలు దాచుకున్నాం. నవ్వకు, నువ్వు ఆఫీసు మనిషివి, నవ్వకూడదు.

ఆరు వారాలకి ఉత్తరం వచ్చింది. లరూ చదివింది. "శుభాకాంక్షలు, మీ మంద మూడింతలయింది." అక్కడిదాకా బానే ఉంది. "ఇన్ని దుప్పులకి కొండ మీద పొదలు చాలవు, కాబట్టి వచ్చే అక్టోబరుకి రెండొందల ఆడదుప్పుల ట్యాగులు ఇస్తున్నాం." అంటే ట్యాగుకో ఆడదుప్పి కొట్టొచ్చని. ఉన్నవే నాలుగొందల పన్నెండు, అందులో పోతులు తీసేయ్, పిల్లలు తీసేయ్. రెండొందలు పోతే మిగిలేదేంటి? లరూ ఇంకా చదువుతోంది. "కయోటీల బాధ లేదని తేలింది గనక మీ జిల్లాలో బోన్ల ఉద్యోగం ఎత్తేస్తున్నాం." ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టి నా వైపు చూసింది. మా ఆవిడ చూపు నువ్వు చూళ్ళేదు, అదృష్టవంతురాలివి.

మర్నాడు పొద్దున్నే ఓనీటా వచ్చింది. తలుపు కొట్టలేదు. వంటింట్లో పొయ్యి పక్కన, వెచ్చగా ఉండే చోట కూర్చుంది. వెచ్చదనానికి ఆ కంపు లేచి ఇల్లంతా తిరిగిందనుకో. "లవెల్, టోపీ గుట్ట వెనకాల అడుగులు చూశాను" అంది. అంతే. సాయంత్రం దాకా కూర్చుని, లరూకి బంగాళదుంపలు చెక్కిచ్చి వెళ్ళింది. రెండో రోజూ వచ్చింది. మూడో రోజూ. లరూ ముక్కుకి గుడ్డ కట్టుకుని రొట్టె చేస్తోంది. నేను కొట్టంలోకి పోతే కొట్టంలోకొచ్చి కూర్చుంది, ఆవు పాలివ్వడం మానేసింది. నేను అరిచాను, "సిస్టర్ హీటన్, మీకేం కావాలి?" అని. మా చర్చిలో ఆడవాళ్ళని సిస్టర్ అనే పిలుస్తాం. "నాకేం వద్దు నాయనా, నాకు ఉద్యోగం లేదుగా, బోలెడు తీరిక" అంది. నాలుగో రోజు రాత్రి లరూ, "నువ్వు నిజం చెప్తావా, నేను మా అమ్మ దగ్గరికి పోనా?" అంది. ఆవిడ పోతే నాకు ఉత్తరాలెవరు చదువుతారు?

చెప్పాను. బళ్ళో మీటింగు పెట్టారు, రేపు మీరు పెడుతున్నారే, అదే గది. పై ఆఫీసు నుంచి కళ్ళజోడాయన వచ్చాడు. పెళ్ళినాటి కోటు వేసుకుని లేచి నిలబడ్డాను. "అయ్యా, అవి నాలుగొందల పన్నెండే. మేం గుట్ట చుట్టూ మూడుసార్లు తిప్పాం." నా జన్మలో అంత కష్టమైన మాట ఇంకోటి అన్లేదు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఏమన్నాడో తెలుసా? నవ్వి, "అడవి దుప్పుల్ని గొర్రెల్లా చుట్టూ తిప్పారా? ఆడదుప్పుల్ని కొట్టడం మీకిష్టం లేదు, అర్థమైంది, దానికి ఇంత కథ అక్కర్లేదు" అన్నాడు. గదంతా నవ్వింది. వెర్ల్ అందరికంటే గట్టిగా నవ్వాడు! క్రాండల్ తన బూట్లే చూసుకుంటున్నాడు. అప్పుడు ఓనీటా లేచింది, అడుగుల సంగతి చెప్పింది. "అమ్మా, మీ ఉద్యోగం పోతోంది, మీరలాగే అంటారు" అన్నాడు. ఆవిడ నేరుగా వెళ్ళి, ఆయన పక్క కుర్చీలో, బాగా దగ్గరగా, మీటింగు అయ్యేదాకా కూర్చుంది. ఆ రోజు మీటింగు తొందరగానే అయిపోయింది.

ఇంక ఏం చెయ్యాలి? ఓనీటాయే దారి చూపించింది. ట్యాగులు చీటీలు తీసి ఇస్తారుగా, ఎవరైనా పేరివ్వొచ్చు. ఊళ్ళో పదహారు దాటిన ప్రతివాళ్ళ చేతా పేరిప్పిద్దాం, వచ్చిన ట్యాగు దాచేద్దాం, తుపాకి ముట్టొద్దు. అదీ ప్లాను. ఇల్లిల్లూ తిరిగింది. గుమ్మంలో నిలబడి, "లోపలికొచ్చి వివరంగా చెప్పనా?" అనేది. "వద్దొద్దు, ఇటివ్వండి, సంతకం పెడతాం" అనేవాళ్ళు. మంచం పట్టిన ముసలాళ్ళ చేత కూడా పెట్టించింది. రెండొందల్లో నూట డెబ్బై ఒకటి మా ఊరికే తగిలాయి. మిగతా ఇరవై తొమ్మిదీ పై ఊళ్ళవాళ్ళకి. వాళ్ళొచ్చిన రోజు మా ఆడవాళ్ళు బడి ముందు ఇనప గిన్నెల్లో మాంసం, బంగాళదుంపలు, పీచ్ పళ్ళ రొట్టె పెట్టి మధ్యాహ్నం దాకా కదలనివ్వలేదు. ఆ తర్వాత వెర్ల్ వాళ్ళని ముప్పై ఏళ్ళుగా దుప్పి కనపడని లోయలోకి తీసుకెళ్ళాడు. ఆ పని వాడు బాగా చేశాడు, ఒప్పుకుంటాను, మళ్ళీ ఒప్పుకోను. దుప్పులున్న లోయలో ఓనీటా కింది నుంచి ఆ మందు చల్లింది, కయోటీ వాసనకి అవి ఇంకా పైకి, రాళ్ళలోకి పోయాయి. ఎంత చేసినా పదకొండు ఆడదుప్పులు పోయాయనుకో. రెండొందలెక్కడ, పదకొండెక్కడ. ఆ తర్వాతి చలికాలం విమానంలో తిరిగి లెక్క పెట్టారు, నాలుగొందలు కూడా లేవని తేలింది, ఓనీటాకి బోన్లు తిరిగిచ్చారు. వేట మూడేళ్ళు మూశారు. మూసుకోనీ. మంద నిలబడింది.

పన్నెండా? ఎవరన్నారు పన్నెండు ఆడదుప్పులు పోయాయని? ఓహో, మీ పుస్తకంలో పన్నెండని ఉందా. పాత పుస్తకాలు కూడా చూసొచ్చావన్నమాట. గట్టిదానివే.

వేట మొదలైన మూడో రోజున నేను కంచె చూసుకోడానికి వెళ్ళాను. తుపాకి గుర్రానికే ఉంటుంది, ఎప్పుడూ. ఎండిన వాగులో ఓ ఆడదుప్పి. పై ఊరివాడెవడో కొట్టి వదిలేశాడు, వెనక కాలు తొడ దగ్గర విరిగి తోలు పట్టుకుని వేలాడుతోంది, మూడు కాళ్ళ మీద లేవబోయి పడుతోంది, లేవబోయి పడుతోంది. నన్ను చూసి చెవులు రెండూ ఇటు తిప్పింది. ఏం చేస్తావు నువ్వైతే? నేనూ అదే చేశాను. ఆ తర్వాత ట్యాగు తీసి, నియమం ప్రకారం, వాడినట్టు గుర్తుగా అంచు కత్తిరించి దాని చెవికి కట్టాను. ఊరికే వదిలేసి పోవచ్చు, ఎవడు చూడొచ్చాడు? నేనలాంటివాణ్ణి కాదు. ఆదివారం నాడు ఓనీటా ఇల్లిల్లూ తిరిగి ట్యాగులు పోగు చేసింది, చర్చి హాల్లో దండ కట్టి వేలాడదీయాలని. మా గుమ్మంలోకొచ్చింది. దుప్పి చెవి నుంచి విప్పిన నా ట్యాగు ఇచ్చాను. కత్తిరించిన అంచు మీద బొటనవేలు పెట్టి అలా ఓసారి రుద్దింది. "నూట డెబ్బై" అని, వెళ్ళిపోయింది. ఎందుకు కొట్టావని అడగలేదు. ఒక్క ముక్క అడగలేదు! నేల మీద గీత చూసి నొప్పుందో లేదో చెప్పే మనిషి, నా మొహం చూసి చెప్పలేకపోయిందా? అడిగితే చెప్పేవాణ్ణి. అడక్కుండా నేనెందుకు చెప్పాలి? లరూ పోరింది, "వెళ్ళి చెప్పు, వెళ్ళి చెప్పు" అని. నేను వెళ్ళలేదు. ఇరవై రెండేళ్ళు ఆవిడ మా వంటింట్లో అడుగు పెట్టలేదు. పోయే ఏడాది వరకూ చివరి బల్ల మీద అలాగే ఒక్కర్తే కూర్చుంది, నేను దాని ముందు బల్ల మీద. ఆ కంపు నా మెడ వెనకాలే. తిరగలేదు.

ఆ దుప్పి తోలు ఉప్పు రాసి, విరిగిన కాలితో సహా కొట్టంలో కట్టి పెట్టాను. ఎప్పుడైనా వచ్చి అడిగితే చూపిద్దామని. ఆవిడైతే ఆ ఎముక చూసి చెప్పేసేది, ఎవడి తూటా ముందు తగిలిందో.

ఇంకా ఉందా అంటావేంటి? ఎలకలేం మిగిల్చాయో నాకేం తెలుసు. అటు చూడకు, ఆ కొట్టానికి తాళం వేసుంది. తిను, పీచ్ ముక్కలు అలాగే వదిలేశావ్.